ముందుకు నడిచిన రాజు

పోయిన వారం మిమ్మల్ని ఐదో ఎత్తు దగ్గర నిలబెట్టి లేచిపోయాను. తెల్ల బంటును ముందుకు తోస్తానా, ఎదుటి బంటుతో మార్చుకుని పక్కదారి పడతానా అన్నది తేల్చలేదు. కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను, తెలిసినవాళ్ళు కాస్త ఓర్చుకోండి. తిబిలిసిలో మా జార్జియా ఆడవాళ్ళ చదరంగం పోటీలు, అందులో ఆఖరి ఆట. మాస్కోలో జరిగే పెద్ద పోటీకి ఇక్కణ్ణుంచి ఒక్కరే వెళ్తారు. నా ఎదురుగా కూర్చున్న నెస్తాన్‌కి పంతొమ్మిదేళ్ళు, నాకన్నా అర పాయింటు ముందుంది, కాబట్టి ఆమెకు డ్రా చాలు. నా పేరు ఎతేరి, నలభై నాలుగేళ్ళు. గెలిస్తేనే వెళ్తాను. లేదంటే ఇక పోటీలు చాలించి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ కూర్చోమని పెద్దలు మర్యాదగానే చెప్పేశారు. ఈ నెస్తాన్, జూజునా కూతురు. జూజునా ఒకప్పుడు నా ప్రాణస్నేహితురాలు. మార్చిలో సమ్త్రెదియాలో చనిపోయింది. నేను టెలిగ్రాం ఇచ్చి ఊరుకున్నాను, వెళ్ళలేదు.

ఇక ఆటలోకి వద్దాం.

నల్లపావులతో ఆ పిల్ల మొదటి నాలుగు ఎత్తులూ వాళ్ళమ్మ ఆడే రక్షణే ఆడింది. అందులో వింతేమీ లేదు, ఆ ఫ్రెంచ్ రక్షణ మా ఊళ్ళలో బామ్మలు కూడా ఆడతారు. వింతల్లా ఆ చెయ్యి. జూజునా పావును పైకెత్తేది కాదు. ఒక గడి మీదనుంచి ఇంకో గడి మీదకు జరిపి, చూపుడువేలితో దాని తల మీద ఒక్కసారి తట్టేది, పసిబిడ్డను జోకొట్టి లేచే తల్లిలాగా. ఈ పిల్లా అలాగే తట్టింది.

పోటీ మొదలైన రోజున, ఆట ఎవరి దగ్గర నేర్చుకున్నావని నేనే పలకరించాను. ఇంట్లో, అంది. ఇంకేమైనా చెబుతుందేమోనని నిలబడ్డాను. వస్తానండీ ఎతేరి గారూ, అని తల వంచి వెళ్ళిపోయింది. ఆ 'గారు' నాకు ముల్లులా గుచ్చుకుంది. మా వైపు తల్లి స్నేహితురాలిని ఎవరూ గారు అనరు, పిన్నీ అంటారు. నన్ను అలా పిలవాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పి ఉండరు. అలా చెప్పాల్సిన జూజునాకు నేను ఏం చేశానో తెలిస్తే, చెప్పి ఉండాల్సిందని మీరూ అనరు.

ఆకుపచ్చ నోటుబుక్కు సంగతి కిందటి భాగాల్లో ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఈసారి తిన్నగా చెబుతాను. కుతైసిలో నేనూ జూజునా ఒకే క్లబ్బులో పెరిగాం. పదమూడేళ్ళప్పుడు రెగ్జిన్ అట్ట వేసిన లావుపాటి నోటుబుక్కు ఒకటి ఇద్దరం కలిసి కొన్నాం. ఆమె ఊదారంగు పెన్సిల్‌తో రాసేది, నేను నీలం సిరాతో. ఎవరికి ఏ కొత్త ఎత్తు తట్టినా అందులోకి ఎక్కేది. దానికి రెండు నియమాలు పెట్టుకుని రొట్టె మీద చెయ్యేసి ఒట్టు వేసుకున్నాం. ఒకరికి తట్టింది రెండోవాళ్ళకు తర్వాతి ఆటలోపు చెప్పి తీరాలి. అందులో ఉన్నదేదీ ఒకరి మీద ఒకరు వాడకూడదు. పోటీలో ఇద్దరం ఎదురుపడితే, తెల్లపావులు ఎవరివైతే వాళ్ళు ఐదో ఎత్తులో బంటు మార్చుకుని పక్కదారి పట్టాలి, ముందుకు తోస్తే ఆట నోటుబుక్కులోని దారిలోకే పోతుంది. మా దగ్గర జంటగా సాధన చేసే ఆటగాళ్ళందరి మధ్యా ఇలాంటి ఒప్పందమే ఉంటుంది. కాగితం మీద ఉండదు. దాన్ని తప్పినవాళ్ళ పక్కన మళ్ళీ ఎవరూ బోర్డు వేసుకుని కూర్చోరు.

పత్రికల్లో 'ఎతేరి బలి' అని పేరు మోసిన ఆ శకటు బలి నాది కాదు. అది జూజునా కనిపెట్టింది. వాళ్ళ వంటింట్లో మొక్కజొన్న రొట్టెలు కాలుతుంటే పిండి చేతులతోనే నాకు ఆడి చూపించింది. తెల్ల శకటు వెళ్ళి రాజు ముందున్న బంటును కొట్టి చెక్ చెబుతుంది. రాజు శకటును తినేస్తాడు. గుర్రం దూకి మళ్ళీ చెక్ చెబుతుంది. రాజు మూలకు పారిపోతాడు, వెనకాలే మన మంత్రి వచ్చి పని ముగిస్తాడు. మూలకు పోకుండా రాజు ముందుకొస్తే, అని నేను అడిగాను. చూడాలి, అంది. తర్వాత నవ్వుతూ, "రాజు మాత్రం మనిషి కాడా ఏంటే, ఎంతసేపని మూలన నక్కి కూర్చుంటాడు," అంది. అప్పుడు ఇద్దరం విరగబడి నవ్వుకున్నాం.

ఇరవై ఏళ్ళ కిందట బతూమిలో జరిగిన పోటీ చివరి ఆటలో మేమిద్దరం ఎదురుపడ్డాం. నావి తెల్లపావులు. గెలిచినవాళ్ళకు మాస్కో. ఐదో ఎత్తులో నేను బంటు మార్చుకోవాలి. మార్చుకోలేదు, ముందుకు తోశాను. జూజునా తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏదో పొరపాటున తోసి ఉంటుంది, ఇంకో ఎత్తులోనైనా తప్పుకుంటుందిలే అన్నట్టు చూసింది. ఎత్తు ఎత్తుకీ అలా చూస్తూనే ఉంది. పదిహేనో ఎత్తుకు నేను శకటుతో కొట్టాను. ఆమె రాజు మూలకు వెళ్ళాడు. ఇంకో తొమ్మిది ఎత్తుల్లో ఆటకట్టు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. జూజునా నాకు చెయ్యి కలిపి, కోటు వేసుకుని, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా ఎవరితోనూ అనలేదు. సమ్త్రెదియాలో బడిపిల్లలకు లెక్కలు చెప్పుకుంది, మళ్ళీ పోటీ మొహం చూడలేదు. నోటుబుక్కు ఆమె దగ్గరే ఉండిపోయింది. అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఇంతవరకూ మీకు తెలిసిన కథే. ఒకటి మాత్రం ఇన్ని వారాలుగా మీ దగ్గర కూడా దాచాను. ఈ వారం దాచి లాభం లేదు.

బతూమి ఆట రోజున పొద్దున్నే ఎవరో నా హోటలు గది తలుపు తట్టారు. బయట వాన. నేను లేచి, జడ వేసుకుని, మంచం అంచున కూర్చుని ఉన్నాను. అప్పటికే నిర్ణయించేసుకున్నాను. మళ్ళీ తట్టారు. "ఎతేరీ, ఉన్నావా?" అంది జూజునా. తలుపు కింది సందులోంచి ఆమె చెప్పుల నీడ కనిపిస్తోంది. ఒట్టు గుర్తుచేయడానికి వచ్చిందనుకున్నాను. పక్కదారిలో ఆడుకుందాంలే అని ఆ నవ్వుముఖంతో ఒక్క మాట అందంటే నా చెయ్యి ఆడదని నాకు తెలుసు. అందుకని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మూడోసారి మెల్లగా తట్టింది. కాసేపు నిలబడింది. వెళ్ళిపోయింది. తెరవకపోవడం ఒక తప్పా అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

తిబిలిసిలో ఆ రోజు మళ్ళీ అదే ఐదో ఎత్తు. మనిషన్నవాడికి రెండోసారి అవకాశం వస్తే ఏం చేస్తాడు? బుద్ధి ఉంటే బంటు మార్చుకుంటాడు. అలా మార్చుకుంటే ఆట చప్పబడుతుంది, డ్రా అవుతుంది, ఆ పిల్ల మాస్కో వెళ్తుంది. అమ్మకు దక్కాల్సింది కూతురికి దక్కుతుంది. నేను ఇంటికి వెళ్ళి ఒక రాత్రయినా ప్రశాంతంగా పడుకుంటాను. ఇవన్నీ నాకు తట్టాయి. పన్నెండు నిమిషాలు తట్టాయి. తర్వాత బంటును ముందుకు తోశాను.

నెస్తాన్ తలెత్తి నన్ను చూసింది. అచ్చం వాళ్ళమ్మ చూసినట్టే.

ఆ తర్వాత ఎత్తులు గబగబా పడ్డాయి. ఆరు, ఏడు, ఎనిమిది. గోడమీద పెద్ద బోర్డులో మా ఆటను చూపిస్తున్నారు. పదో ఎత్తుకు హాల్లో గుసగుస లేచింది. మా ముసలాళ్ళు ఆటను పాటలాగా గుర్తుపెట్టుకుంటారు, ఎక్కడ విన్నదో ఇట్టే పట్టేస్తారు. ఇది బతూమి ఆటే, అని ముందు వరసలో ఎవరో గట్టిగానే అన్నారు. నిర్వాహకుడు వర్లాం లేచి, పెదవుల మీద వేలు పెట్టి అందరినీ ఊరుకోమన్నాడు. వర్లాం బతూమిలో కూడా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆయన నా వైపు ఒకసారి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు మళ్ళీ పెట్టుకోలేదు.

పద్నాలుగో ఎత్తు కూడా వాళ్ళమ్మదే ఆడి, నెస్తాన్ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. కిటికీ దగ్గర నిలబడి ద్రాక్షరసంలో ముంచిన వాల్‌నట్ దండ కొరుక్కుంటూ వీధిలోకి చూస్తోంది. బోర్డు దగ్గర మిగిలింది నేనూ, నా శకటూ.

మీరు చదరంగం ఆడకపోయినా ఇది అర్థమవుతుంది. ఎదుటి మనిషి తెలిసి తెలిసి మీ ఉచ్చులోకి నడిచి వస్తుంటే దానికి రెండే అర్థాలు. ఆ మనిషికి ఉచ్చు సంగతి తెలియదు, లేదా మీకు తెలియనిదేదో ఆ మనిషికి తెలుసు. ఆ ఆట మా దగ్గర బడిపిల్లల పుస్తకంలో ఉంది. నెస్తాన్‌కి తెలియకపోవడమంటూ ఉండదు. మరి ఎందుకొచ్చింది? నేను లేచి నీళ్ళు తాగి వచ్చాను. మళ్ళీ కూర్చున్నాను. శకటుతో కొట్టాక, గుర్రం దూకాక, రాజు మూలకు పోకుండా ముందుకు వస్తే?

నిజం చెబుతాను. ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్నను నేను ఒక్కసారి కూడా సరిగా చూడలేదు. బతూమి గెలిచాక పత్రికవాళ్ళు ఆటకు వ్యాఖ్య రాసిమ్మన్నారు. ఆ ఎత్తు దగ్గర, 'రాజు ముందుకు వస్తే ఇంకా త్వరగా పోతాడు' అని ఒక్క వాక్యం రాసి పడేశాను. లెక్క కట్టి రాసింది కాదు. అందరూ దాన్నే నమ్మారు, మళ్ళీ ఎవరూ తవ్వలేదు. పిల్లలకూ అదే చెప్పాను. ఇంట్లో ఎప్పుడైనా ఆ స్థితిని పేర్చుకుని కూర్చుంటే గుర్రం దూకేదాకా ఆడేదాన్ని, అక్కడ నా చెయ్యి ఆగిపోయేది. పావులు ఎత్తి డబ్బాలో పోసేసి, ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి పోయేదాన్ని. దొంగిలించిన నగను అసలుదో కాదో తూకం వేయించడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది చెప్పండి.

ఆ రోజు బోర్డు ముందు తూకం వేయక తప్పలేదు. గడియారం నడుస్తోంది. రాజు ముందుకొస్తే మంత్రిని తెస్తాను. ఆ పిల్ల బంటు తోసి అడ్డం పెడుతుంది. అప్పుడు గుర్రం లోపలికి. అక్కడినుంచి నాకు మసకగా ఉంది. గెలుపున్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. నలభై నిమిషాలు చూశాను. శకటును వెనక్కి జరుపుకుంటే ఆట సమానం, అంటే డ్రా, అంటే ఆమె మాస్కో. జరుపుకోవచ్చు కదా, జూజునాకు అంతైనా చెయ్యొచ్చు కదా, అని లోపల ఒకటి పోరుతోంది. ఇంకోటి మాత్రం, నలభై నాలుగేళ్ళు ఎతేరీ, ఇక నీకు ఇంకో ఆఖరి ఆట లేదు, అంటోంది. హాల్లో మూడువందల మంది ఆ బలి కోసమే ఊపిరి బిగబట్టి ఉన్నారు. వాళ్ళ కోసమే ఆడాననుకుంటే నాకు తేలికగా ఉండేది. కాదు. గెలవాలని ఆడాను. శకటుతో బంటును కొట్టాను.

హాలు హోరుమంది. వర్లాం చెయ్యెత్తాడు. నెస్తాన్ వచ్చి కూర్చుని, చేదు మందు గుటకేసినట్టు నిమిషం కూడా ఆగకుండా రాజుతో శకటును తినేసింది. నేను గుర్రం దూకించాను. చెక్.

ఇప్పుడు ఆ పిల్ల ఆగింది. ఆలోచించడానికి ఆగలేదు, ఆ సంగతి తెలుస్తూనే ఉంది. నా వైపు చూస్తూ ఆగింది. తర్వాత రాజును ఒక గడి ముందుకు, నా గుర్రం పక్కకు, నా బంట్ల ఎదురుగా, ఇల్లు వదిలి నడివీధిలోకి జరిపి, చూపుడువేలితో దాని తల మీద తట్టింది.

రాజు మాత్రం మనిషి కాడా ఏంటే. ఆ మాట నా చెవిలో ఎవరో పక్కన కూర్చుని అన్నంత స్పష్టంగా వినిపించింది. ఆ ఎత్తు ఎవరిదో నాకు ఆ క్షణమే తెలిసిపోయింది.

మంత్రిని తెచ్చాను. ఆమె బంటును రెండు గళ్ళు తోసి దారి మూసింది. గుర్రాన్ని లోపలికి పంపాను. ఆమె తన మంత్రిని ఒక్క గడి, కేవలం ఒక్క గడి పక్కకు జరిపింది. ఆ చిన్న ఎత్తు చూశాక నా దాడిలో ఊపిరి లేదని అర్థమైంది. ఆమె రాజు బయట ఎండలో నిలబడి ఉన్నాడు, నా పావులన్నీ చుట్టూ తిరుగుతున్నాయి, ఒక్కటీ తాకలేకపోతోంది. ఇంకో ఎనిమిది ఎత్తులు లాగాను. అలవాటుకొద్దీ లాగాను గానీ ఆశ ఉండి కాదు. ఇరవై ఆరో ఎత్తు దగ్గర గడియారం ఆపి, ఓటమి ఒప్పుకుంటూ చెయ్యి చాచాను.

ఆమె చెయ్యి చల్లగా ఉంది. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఎవరో పూలు తెచ్చి ఆమె ఒళ్ళో పడేశారు. చప్పట్లు వింటూ కూర్చోవడం కష్టంగానే ఉంది గానీ, దానికి మించి సిగ్గేసింది. ఓడినందుకు కాదు. బతూమిలో ఇదే హోరులో జూజునా ఒంటరిగా కోటు వేసుకుని వెళ్ళిపోతుంటే, నేను పూలు పట్టుకుని నిలబడి ఆమె వీపు కూడా చూడలేదని ఇప్పుడు గుర్తొచ్చినందుకు.

ఆట అయ్యాక పక్క గదిలో ఇద్దరం కూర్చుని ఆడింది మళ్ళీ ఆడి చూసుకోవాలి. అది మా ఆనవాయితీ, ఎంత పగ ఉన్నా కూర్చుంటాం. ఓడినవాళ్ళే ముందు మాట్లాడతారు. బతూమిలో ఓడిన మనిషి కూర్చోలేదు, నేనూ పిలవలేదు. ఈసారి నెస్తాన్ పూలు గుమ్మం దగ్గర పెట్టేసి తనే ముందు వెళ్ళి కూర్చుంది. వర్లాం మా వెనకాల తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. లోపల ఒక బోర్డు, రెండు కుర్చీలు, చల్లారిపోయిన టీ ఉన్నాయి. నేను పావులు పేర్చడం మొదలుపెట్టాను. గుర్రం దూకే దగ్గరికి వచ్చి ఆగాను.

"రాజు ముందుకు రావడం మంచి ఎత్తు," అన్నాను. "ఎప్పుడు కనిపెట్టావు?"

"నేను కనిపెట్టలేదండీ."

ఒళ్ళోని సంచీలోంచి ఆకుపచ్చ నోటుబుక్కు తీసి బోర్డు పక్కన పెట్టింది. అట్ట మూలలు చిరిగి లోపలి అట్టముక్క కనిపిస్తోంది. దాన్ని ముట్టుకోవడానికి నా చెయ్యి లేవలేదు. పిల్లే తెరిచింది. గుర్తు కోసం పెట్టిన బస్సు టికెట్టు తీసి, పేజీ నా వైపు తిప్పింది.

ఊదా పెన్సిల్. అదే స్థితి, పావులన్నీ చేత్తో గీసినవి. రాజు ముందుకు. మంత్రి, బంటు, గుర్రం, మంత్రి ఒక గడి పక్కకు. హాల్లో ఇప్పుడు ఆడినవన్నీ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. పోటీ మానేశాక సమ్త్రెదియాలో కూర్చుని, ఏ చలికాలంలోనో కనిపెట్టి ఉంటుందని అనుకున్నాను. నన్ను తిట్టుకుంటూ కనిపెట్టి ఉంటుందని కూడా అనుకున్నాను. తర్వాత పేజీ మీద తేదీ చూశాను. మేము ప్రతి పేజీకీ తేదీ వేసేవాళ్ళం.

అది బతూమి ఆటకు ముందురోజు.

ఆ ఎత్తు జూజునాకు ఆట రోజున తెలుసు. నేను శకటుతో కొట్టినప్పుడు, గుర్రం దూకినప్పుడు, ఆమె ముందు గెలుపు పరిచి ఉంది. చేతికి అందేంత దగ్గరగా ఉంది. చూసి కూడా రాజును మూలకు పంపింది.

"తెలిసి ఎందుకు ఆడలేదు?" అన్నాను.

"నేనూ అదే అడిగేదాన్ని. చిన్నప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాను. నోటుబుక్కులో ఉన్నది ఎతేరి మీద వాడకూడదే, రొట్టె మీద ఒట్టేసుకున్నాం, అనేది. మరి ఆవిడ వాడిందిగా అంటే, అది ఆవిడ ఒట్టు, ఇది నాది, అనేది."

నేను బోర్డు వైపు చూస్తూ కూర్చున్నాను. పావులు మసకబారాయి. నలభై నాలుగేళ్ళ మనిషిని, బయట విలేకరులున్నారు, ఏడిస్తే బాగుండదు. అయినా ఏడ్చాను. పిల్ల ఓదార్చలేదు, తల తిప్పుకోనూ లేదు.

"నేను ఎవరికీ ఒట్టు వెయ్యలేదు. అందుకే ఆడాను," అంది నెమ్మదిగా. "మీరు ఐదో ఎత్తులో తప్పుకుని ఉంటే ఈ పుస్తకం సంచీలోంచి తీసేదాన్ని కాదు. ఇంకోసారి కూర్చుంటే ఎతేరి తప్పుకుంటుందే, అని అమ్మ అనేది. ఆస్పత్రిలో కూడా అంది. నిజమో కాదో చూద్దామని ఆ దారిలోకి వచ్చాను."

పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలు నాకు ఎవరైనా వెనక్కి ఇస్తే బాగుండును. బంటుకు బంటు మార్చుకోవడం, అంతే కదా. మాస్కో ఎలాగూ పోయింది. మార్చుకుని పోగొట్టుకుంటే, చచ్చిపోయిన మనిషి నా మీద పెట్టుకున్న ఒక్క నమ్మకమైనా నిలబడేది. అదీ నా చేతులారా పోగొట్టాను. క్షమించు అనడానికి కూడా ఎదురుగా ఉన్నది ఆ మనిషి కాదు.

"ఇంకా ఉంది, కింద చదవండి," అంది నెస్తాన్.

పేజీ అడుగున, గీతల కింద, ఊదా రంగులోనే రెండు వరసలున్నాయి. హడావిడిగా రాసినవి. 'ఈ బలి నిలవదు. ఎతేరికి చెప్పాలి. ఎవరిమీదైనా ఆడి దెబ్బతింటుంది. రేపు పొద్దున్నే, ఆటకు ముందే.'

రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను. ఆ వాన, ఆ తలుపు, ఆ చెప్పుల నీడ, అన్నీ ఒక్కసారిగా గదిలోకి వచ్చేశాయి. ఒట్టు గుర్తుచేయడానికి రాలేదు. నన్ను బతిమాలడానికీ రాలేదు. మొదటి నియమం, ఒకరికి తట్టింది రెండోవాళ్ళకు చెప్పి తీరాలి. దానికోసం వచ్చింది. నేను దెబ్బతింటానని వచ్చింది.

నెస్తాన్ నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకుంది. అట్ట మీద వేలితో ఒకసారి తట్టింది. ఆ తర్వాత అడిగిన మాటలో గెలిచిన ఆటగత్తె లేదు, మార్చిలో తల్లిని పోగొట్టుకున్న పిల్ల ఉంది.

"అమ్మ ఆ పొద్దున మీ గదికి వచ్చింది. మూడుసార్లు తట్టిందట. మీరు లేరట, సముద్రం వైపు నడకకి వెళ్ళి ఉంటారని చెప్పేది. అంత వానలో నడకేంటమ్మా అంటే, ఎతేరి అంతేలే, ఆట ముందు ఒకచోట కూర్చోలేదు, అని నవ్వేది. ఇరవై ఏళ్ళూ అదే నమ్మింది. మీరు గదిలో లేరు కదా, పిన్నీ?"

పిన్నీ అంది. నేను నోరు తెరిచాను.